మహారాజశ్రీ బీగం గారికి

మహారాజశ్రీ బీగం గారి సముఖానికి, రోడ్డుకు ఇవతల జిరాక్సు అంగడి పెట్టుకున్నవాడు నమస్కరించి రాసుకునేది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పనే లేదు. చిత్తూరు టౌన్లో మీ అంత నిమ్మళంగా ఉన్న సర్కారు ఉద్యోగి ఇంకొకరు లేరు. బదిలీ లేదు, వేలిముద్ర హాజరు లేదు, రిటైర్మెంటు అసలే లేదు. పైగా ఒంటికి గోనెగుడ్డ చుట్టి, దారం కట్టి, ఎర్రటి లక్కతో ముద్ర వేశారు. మా ఇంట్లో పెళ్ళికొడుక్కి కూడా ఇంత ముచ్చటగా కట్టలేదు.

మీరు వేలాడుతున్న భవనం ఏ శాఖదో ఇక్కడ రాయను. రాస్తే ఆ శాఖవాళ్ళే వచ్చి "అది మాది కాదబ్బా" అంటారు. 1911లో చిత్తూరు జిల్లా అయినప్పటి నుంచి ఈ ఊరికి ఆఫీసులు అలవాటు. ఆఫీసు ఇంకో చోటికి పోతుంది, భవనం మాత్రం వెంట పోలేదు కదా. అది ఇక్కడే ఉంటుంది, మీరొచ్చి కూర్చుంటారు.

మీ మీద నాకు కోపం ఉందనుకోవద్దు. మీ పేరు చెప్పుకుని నాలుగు రూకలు చూసినవాణ్ణి. ఆ భవనం మాకివ్వండని ఊళ్ళో వాళ్ళు పెట్టుకున్న అర్జీలన్నీ నా కంప్యూటర్లోనే టైపైనాయి. పేజీకి ముప్పై రూపాయలు, నకలుకు రెండు. మొదట కుట్టు మిషన్ల ఆడోళ్ళు వచ్చారు. పదిమందికి పది మిషన్లు, పది ఇళ్ళల్లో మంచాల పక్కన ఇరుక్కుని ఉన్నాయి. "ఒక హాలు దొరికితే స్కూలు యూనిఫారాల ఆర్డరు పట్టుకోవచ్చన్నా, ఇండ్లల్లో గుడ్డ పరిచేదానికే చోటు లేదు" అన్నారు. ఆ తర్వాత గ్రూప్స్‌కు చదివే పిల్లోళ్ళు. వాళ్ళకు నీడా, ఫ్యానూ, పక్కన టీవీ మోత లేకపోవడం చాలు. ఆ తర్వాత బెంగళూరు కంపెనీ పని ఇంటి నుంచే చేసుకునే ఒక అబ్బాయి వచ్చి, ఎవరి కంపెనీ పని వాళ్ళు ఒకే చోట కూర్చుని చేసుకునేదానికి "కో వర్కింగ్ కేంద్రం" అని టైపు చేయమన్నాడు. నా చెయ్యి జారి ఓత్వం కాస్తా ఔత్వం అయింది. "కౌ వర్కింగ్ కేంద్రం" అన్న అర్జీ పశువుల డాక్టర్ల దాకా పోయి, అభిప్రాయం రాయించుకుని వచ్చిందట. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ అన్ని అర్జీల్లోకీ కాస్త కదిలింది అదొక్కటే.

మిగతావి ఎందుకు కదల్లేదంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లా ముక్కలైంది. ఫైలు తిరుపతికి పోయింది, భవనం చిత్తూరులో ఉండిపోయింది. మీకు ముందు ఇక్కడ పనిచేసిన పెద్ద బీగం తాలూకు చెవి కవర్లో పెట్టి ఆ ఫైలుకే గుండుసూదితో గుచ్చి ఉండిందట. అంటే బీగం ఒక జిల్లా, చెవి ఒక జిల్లా.

అదే తిరుపతిలో ఏం జరిగిందో మీ చెవిన వేస్తాను, మీకు చెవి లేకపోయినా సరే. తిరుచానూరులో యాత్రికుల బస కోసం దేవస్థానం వాళ్ళు పద్మావతి నిలయం కట్టారు. 2020లో అది కోవిడ్ కేంద్రమైంది. కొత్త జిల్లా వచ్చేసరికి కలెక్టరేటయింది. దాని మీద కోర్టుల దాకా వాదులాడుకున్నారు, అది వేరే కథ. అవతారాలు ఎత్తేది కొండ మీది అయ్యవారే అనుకుంటాం గానీ, కింద అమ్మవారి ఊళ్ళో ఒక భవనం రెండేండ్లలో మూడు ఎత్తింది. పెద్దోళ్ళకు అవసరం పడితే ఏ గోడైనా ఏ పనికైనా పనికొస్తుంది. కుట్టు మిషన్లకు అనేసరికి అదే గోడకు జబ్బు చేస్తుంది.

చంద్రగిరి రాజమహల్లో మీ వాళ్ళొకరు ఉద్యోగం చేస్తున్నారు. మూడంతస్తులు, రాయీ ఇటుకా సున్నంతో కట్టింది. కలప వాడలేదు కాబట్టి చెదలకు కూడా అక్కడ ఉపాధి లేదు. రాజులు పోయాక పురావస్తు శాఖవాళ్ళు అందులో మ్యూజియం పెట్టుకున్నారు. ఆ బీగానికి పగటిపూట పని మ్యూజియం సెలవైన శుక్రవారం ఒక్కరోజే. బెంగళూరులో ఉండిన మీ పెదనాయన సంగతి ఇంకా ఘోరం. సెంట్రల్ జైలు బీగం, ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలను లోపల పెట్టి కాపలా కాసిన బీగం. దాన్నే తీసి పారేశారు. 2008 నుంచి అది ఫ్రీడం పార్కు. జైలు బీగమే ఊడిందంటే మీరు కొంచెం జాగ్రత్తగా ఉండడం మంచిది.

మీరు ఈ కొలువులోకి ఎట్లా వచ్చారో మీకు గుర్తుందా? 2024 ఎన్నికలప్పుడు కుర్చీలూ టెంటు సామాన్లూ పెట్టుకోవడానికి చోటు కావలసి వచ్చింది. చెవి లేదు, ఫైలు లేదు. ఒకాయన గుండ్రాయి తీసుకుని పెద్ద బీగాన్ని మూడు దెబ్బలు కొట్టారు. ఇన్నేండ్ల అర్జీలకు రాని తలుపు మూడు దెబ్బలకు వచ్చింది. నేను టీ గ్లాసులు పట్టుకుని లోపలికి పోయినా.

లోపల ఏముందంటే, గబ్బిలాల కంపు, గోడకు 1997 కేలండరు, ఇంకు మరకల బల్ల. పైన టేకు దూలాల మీద పేర్చిన ఇటుకల మద్రాసు మిద్దె. హాల్లో నేల పొడిగా ఉంది. ఒక్క వాయవ్యం మూల మాత్రం గోడ అప్పడం మాదిరి ఉబ్బి ఉంది, వేలితో తాకితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. వాకిట్లో ర్యాంపు కట్టడానికి వచ్చిన పెద్ద మేస్త్రీ దాన్ని చూసి నవ్వినాడు.

"ఇది గానుగ సున్నం సామీ. కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం పోసి రుబ్బిండారు. ఎవురో తెలివైనోడు దీని మింద సిమెంటు పూసినాడు. లోపలి చెమ్మ బయటికి యాడ పోతాది? మిద్దె మింద తూములో రావిమొక్క పెరికి, నీళ్ళకు దోవ చేసి, మళ్ళా సున్నమే పూస్తే బ్రమ్మాండంగా ఉంటాది."

నేను టార్చి వేసి చూసినా. నిజంగానే తూములో రావిమొక్క. దాని వేరు పిట్టగోడ ఇటుకల సందులో చిటికెన వేలంత లావుంది. దాన్ని పెరికేదానికి ఒక మనిషి కూలి, ఒక నిచ్చెన.

ఎన్నికలైనాయి, కుర్చీలు పోయినాయి. పది రోజులకు గోడ మీద బోర్డు లేచింది, "ఈ భవనము శిథిలావస్థలో ఉన్నది, లోనికి ప్రవేశించరాదు" అని. కుర్చీలకు లేని ప్రమాదం మనుషులకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మీ ముందు ఒప్పుకుంటా, ప్రతి పాత గోడా నిలబడదు. ఇంజినీరు వచ్చి దూలాలు గుచ్చి చూసి, మిద్దె ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గరే బండి ఆగుతుంది. తెరిచినాక ఏమన్నా అయితే సంతకం పెట్టినాయన ఉద్యోగం పోతుంది. మూసిపెట్టి ఉంచి కూలితే వాన మీదికి పోతుంది. ఆయన స్థానంలో నేనున్నా మిమ్మల్నే నమ్ముకుంటాను.

ఇంకొక చిక్కు రాయిది. రెండు వీధుల అవతల కొత్త కమ్యూనిటీ హాలు కడతామని శంకుస్థాపన చేశారు. నల్లరాయి, బంగారు అక్షరాలు, పద్నాలుగు పేర్లు. ఆ పేర్ల పట్టిక నేనే టైపు చేసినా, వరసలో ఎవరు ముందు అని మూడుసార్లు మార్పించారు. పాత భవనం తలుపు తీస్తే అంత రాయి ఎక్కడ పెడతారు? గోడ మీద ఇదివరకే దొరల కాలం నాటి రాయి ఒకటుంది. దాని మీద ఒకటే పేరు.

తెరిచినాక కరెంటు బిల్లు ఎవరు కడతారని ఆఫీసులో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వీధివైపు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో ఊరగాయలో, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలో అమ్మేవాళ్ళకు బాడుగకిస్తే బిల్లూ, ఊడ్చే మనిషి జీతమూ వెళ్ళిపోతాయి. హాలు పగలు మిషన్లకు, పొద్దుగూకినాక చదివే పిల్లోళ్ళకు. అన్నీ ఒకేసారి బాగుచేయాల్సిన పని కూడా లేదు. ముందు మిద్దె, తర్వాత మరుగుదొడ్డి, తర్వాత ఒక్క గది. ఇదంతా ఆ ఆడోళ్ళ అర్జీలో రెండో పేజీలోనే ఉంది. రెండో పేజీ ఎవరూ తిప్పరు కాబట్టి మీకు రాస్తున్నా.

చివరగా మన ఇద్దరి మధ్య ఒక లెక్క ఉంది. కుర్చీలు తీసుకుపోయిన సాయంత్రం గుమాస్తా గారు నన్ను పిలిచి "ఏమబ్బా, ఒక బీగం తెచ్చి పెట్టు, బిల్లు పాస్ చేయిస్తా" అన్నారు. మిమ్మల్ని హార్డ్‌వేర్ అంగట్లో మూడువందల నలభై రూపాయలకు కొని తెచ్చింది నేనే. ఆ బిల్లు ఈరోజు వరకు పాస్ కాలేదు. కాబట్టి గోనెగుడ్డ వాళ్ళది, లక్క వాళ్ళది, మీరు మాత్రం ఇంకా నా సొత్తే.

ఇట్లు,
మీ ఎదురంగడి వాడు

తా.క.: ఆరోజు మీతోబాటు మూడు చెవులు వచ్చాయి. గుమాస్తా గారు రెండే లెక్కపెట్టుకుని తీసుకుపోయారు. మూడోది నా సొరుగులో, ఏ ఫోర్ కాగితాల కట్ట కింద ఉంది. మొన్న కుట్టు మిషన్ల ఆమె ఇంకో అర్జీ టైపు చేయించుకుని పోతూ ఆ సొరుగు వైపు రెండుసార్లు చూసింది. నేను ముప్పై రూపాయలు తీసుకోలేదు.