పదహారు టైపుల టెస్ట్ పెట్టి టీం కలుపుడు తప్పు

హన్మకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపులల్ల ఒక మెసేజ్ మస్తు తిరుగుతుంది. టీంల గుణాలు కలవకపోతే పని కాదంట, అందరితోని మనుషుల గుణాలను పదహారు టైపులుగ పంచే టెస్ట్ (MBTI) రాయించి ఒకే తీరు ఉన్నోళ్లనే జోడియ్యాలంట, తక్కువ మాట్లాడెటోన్ని లీడర్ చెయ్యొద్దంట, వాదులాట మొదలైతే టీం ఖతమంట. సార్లు గూడ నమ్మి పిల్లల ప్రాజెక్ట్ బ్యాచ్‌లు గిట్లనే చేస్తున్నరు, అందుకే రాస్తున్న.

మొదలు టెస్ట్ సంగతి. అది చేసింది కాథరిన్ బ్రిగ్స్, ఆమె బిడ్డ ఇసాబెల్ మయర్స్, ఇద్దరూ సైకాలజీ చదివినోళ్లు కాదు. కొన్ని వారాలాగి మళ్ల రాస్తే చానమందికి వేరే టైప్ వస్తది, ఎందుకంటే మాట్లాడుడు అసొంటి గుణాలల్ల మనం చానమందిమి నడిమిట్ల ఉంటం, టెస్టేమో అటో ఇటో పడేస్తది. ఉద్యోగానికి మనిషిని ఎంచుకునేందుకు దీన్ని వాడొద్దని ఆ టెస్టోళ్లే చెప్తరు.

గుణాలతోని తేడా పడదా అంటే పడ్తది, కాని మెసేజ్‌ల చెప్పిన తీరుగ కాదు. 2007ల సుజాన్ బెల్ అనే పరిశోధకురాలు అప్పటిదాంక వచ్చిన స్టడీలు కలిపి చూస్తే, నిజంగ పనిచేసే టీంలల్ల అక్కరకొచ్చింది పని మీద శ్రద్ధ, తోటోళ్లతోని సర్దుకపోవుడు. అండ్ల గూడ అందరికంటె తక్కువ సర్దుకపోయే మనిషి ఎంత సర్దుకపోతడో అదే ముఖ్యం, అంటే ఒక్కడు మొండిగుంటే మిగతా నలుగురి మంచితనం అంతగ అక్కరకు రాదు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు దించే హమాలీలను చూడుండ్రి, ఒకడు వాగుతుంటడు ఒకడు నోరే తెరవడు, పని ఆగదు, బస్తా పట్టకుంట తప్పించుకునెటోడు ఒక్కడుంటేనే గొడవ.

లీడర్ ముచ్చట పిజ్జా షాపుల మీద చూసిన్రు, ఆడం గ్రాంట్ అనే పరిశోధకుడు, ఆయన తోటోళ్లు, 2011ల. పనోళ్లు సొంతంగ ఐడియాలు చెప్పే షాపులల్ల, తక్కువ మాట్లాడే లీడర్ దగ్గర్నే లాభం ఎక్కువొచ్చింది.

ఇగ వాదులాట. మనిషి మీదికి పోయే కొట్లాట చెడగొడ్తది, ఒప్పుకుంట. పని మీద వాదన వేరు, అండ్ల తప్పులు దాచకుంట చెప్పుకుంటరు. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు దవాఖాన్ల టీంలను చూస్తే, మంచిగ కలిసి పనిచేసేటోళ్ల దగ్గర్నే తప్పులు ఎక్కువ లెక్కకొచ్చినయి, ఎందుకంటే వాళ్లు భయపడకుంట చెప్పుకున్నరు. గూగుల్ గూడ తన 180 టీంలు చూసుకోని, ఎవరున్నరు అనేదానికంటె ఒకరితోని ఒకరు ఎట్ల మెలుగుతున్నరు అనేదే ఎక్కువని తేల్చింది.

సార్లూ, ఆ టెస్ట్ పక్కకు పెట్టుండ్రి. ఎవరి పని ఏందో, ఎప్పటికియ్యాలెనో బ్యాచ్‌ల రాయించుండ్రి, మూలకు కూసున్న పిల్లను గూడ అడుగుండ్రి.