క్యూబు పగలగొట్టడం పరిశోధనేనా?

కన్సల్టెన్సీ మీద, అంటే బయటివాళ్లకి ఫీజు తీసుకుని చేసిపెట్టే పని మీద వచ్చే ఆదాయాన్ని ప్రమోషన్ మార్కుల్లో కలపాలని ఒక యూనివర్సిటీలో ప్రతిపాదన వచ్చింది. మీటింగుకు ముందే ఇద్దరు సీనియర్లు తగువుకు దిగారు. పేర్లతో పనిలేదు, క్యాంపస్‌లో పిలిచినట్టే పిలుద్దాం.

సివిల్ సార్: బయటివాళ్లు సమస్య పట్టుకుని మన గుమ్మంలోకి వస్తున్నారంటే అది మన గొప్పే కదా మేడమ్. ఆ పనికి మార్కులెందుకు ఉండకూడదు?

కెమిస్ట్రీ మేడమ్: సమస్య తెస్తే సంతోషమే సార్. మీ ల్యాబుకి వచ్చేవి సమస్యలా, క్యూబులా? 150 మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మ తెస్తారు. 28వ రోజున మెషీన్లో పెట్టి నొక్కుతారు, ఎంత లోడుకి పగిలిందో రాస్తారు, స్టాంపు వేస్తారు. దాన్ని టెస్టింగ్ అంటారు. ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే, కాదనను. దానికీ ప్రొఫెసర్ ప్రమోషన్‌కీ ముడేమిటి?

సివిల్ సార్: ఆ ముడే చెప్తాను వినండి. ఓసారి క్యూబులన్నీ పాసయ్యాయి. అదే కాంక్రీటుతో పోసిన స్లాబులోంచి కోర్ (తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీసి చూస్తే బలం చాల్లేదు. కాంట్రాక్టరేమో మా మెషీనే తప్పన్నాడు. తీరా చూస్తే, క్యూబు 28 రోజులూ నీళ్ల తొట్టిలో హాయిగా మునిగి ఉంటుంది. స్లాబు ఎండకీ గాలికీ ఆరిపోతుంది, దానికి నీళ్లు పట్టాల్సినవాడు ఓ పూట మర్చిపోతాడు. కాగితం మీద ఒకటే కాంక్రీటు, నిజానికి రెండు. మా స్కాలర్ ఒకమ్మాయి దాని మీదే థీసిస్ రాసింది. లైబ్రరీలో కూర్చుంటే ఆ ప్రశ్న తట్టేదా?

కెమిస్ట్రీ మేడమ్: తట్టేది కాదు, ఒప్పుకుంటాను. థీసిస్‌కి ఎన్నేళ్లు పట్టింది?

సివిల్ సార్: ఐదు.

కెమిస్ట్రీ మేడమ్: అందులో రెండేళ్లు ఇతరుల క్యూబులు మోయడానికే పోయాయని మీ డిపార్టుమెంట్‌లోనే చెప్పుకుంటారు. ఫీజు ఒకరికి, మోత ఒకరికీనా?

సివిల్ సార్: టెక్నీషియన్ పోస్టు భర్తీ చెయ్యకపోతే నేనేం చెయ్యను?

(ఈ జవాబు వినని యూనివర్సిటీ ఉంటుందనుకోను.)

సివిల్ సార్: సరే, నా సంగతి వదిలేయండి. మీ కెమిస్ట్రీ వైపు నుంచే చెప్తాను. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ యూనివర్సిటీకొచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, పాల క్యానులో గడ్డకట్టని నెత్తురు, బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. అక్కడి బయోకెమిస్టు కార్ల్ పాల్ లింక్ ల్యాబు తలుపు తట్టాడు. అక్కడ మొదలైన పని చివరికి వార్ఫరిన్ అయింది. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకీ ఇచ్చారు. నెత్తురు గడ్డలు కట్టకుండా వాడే మాత్ర అది. బయటివాడి సమస్య లోపలికొస్తే జరిగేది ఇదీ.

కెమిస్ట్రీ మేడమ్: మంచి కథ ఎత్తుకున్నారు, కానీ అది నా వైపుది. ఆ రైతు ఎంత ఫీజు కట్టాడు? ఏ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడు? ఆ రోజు లింక్ ఇవ్వగలిగిన సలహా ఒక్కటే, ఆ గడ్డి మేపడం ఆపమని. అది పశువైద్యులకి అప్పటికే తెలుసు. మీ పద్ధతిలో అయితే ఆ ఒక్క మాట రెండు పేజీల్లో రాసి, బిల్లు పంపి, ఫైలు మూసేసేవాళ్లం. గడ్డిలో నెత్తురు గడ్డకట్టనివ్వని పదార్థమేదో పట్టుకుని స్ఫటికాలు తీసేసరికి 1939 వచ్చింది. ఆరేళ్లు! మీ క్లయింటు ఎన్ని నెలలు ఆగుతాడు?

సివిల్ సార్: మూడు. బతిమాలితే నాలుగు. అయినా వార్ఫరిన్ పేరులోనే యూనివర్సిటీ పేటెంట్ల సంస్థ ఉంది కదా! వార్ఫ్ అంటే విస్కాన్సిన్ అలుమ్ని రీసెర్చ్ ఫౌండేషన్, 1925లో పెట్టారు. పేటెంట్ల డబ్బుని మళ్లీ పరిశోధనకే పెట్టారు. డబ్బు పాపం కాదు మేడమ్.

కెమిస్ట్రీ మేడమ్: డబ్బు పాపమని నేనెప్పుడన్నాను? అక్కడ ముందు పని జరిగింది, తరవాత డబ్బొచ్చింది. ముందే డబ్బిచ్చినవాడికి ఫలితం కూడా తనదే అనిపిస్తుంది. పరిశోధకురాలు బెట్టీ డాంగ్ సంగతి తెలుసుగా? శాన్ ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో బూట్స్ కంపెనీ డబ్బుతో థైరాయిడ్ మాత్రలని పోల్చి చూశారు. కంపెనీ మాత్రా, మిగతావీ ఒకేలా పనిచేస్తున్నాయని తేలింది. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ప్రచురించకూడదని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. 1990కి పని పూర్తయింది. 1995లో అచ్చుకి సిద్ధమైన పేపర్ని వెనక్కి తీసుకున్నారు. చివరికి బయటికొచ్చింది 1997లో.

సివిల్ సార్: ఆ వాక్యానికి ఒప్పుకోవడం తప్పు. అందుకని బయటి పనే తప్పంటే ఎలా? పోనీ, ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ పేపర్లు ఎంతమంది చదువుతారు?

కెమిస్ట్రీ మేడమ్: (నవ్వి) కొన్నిటిని రివ్యూయర్లు, నేను. రివ్యూయర్లు కూడా పూర్తిగా చదివారో లేదో అనుమానమే. కానీ ఎవరికి కావాలంటే వాళ్లు తీసి, తప్పుంటే తప్పని చెప్పొచ్చు. మీ రిపోర్టులు అలా చదవనిస్తారా? మీ బీరువాలో బయటపెట్టకూడని రిపోర్టులు ఎన్నున్నాయి?

సివిల్ సార్: పదకొండు.

కెమిస్ట్రీ మేడమ్: వేటి మీద?

సివిల్ సార్: చెప్పకూడదని సంతకం పెట్టాను.

కెమిస్ట్రీ మేడమ్: మరి ప్రమోషన్ కమిటీకి ఏం చూపిస్తారు?

సివిల్ సార్: బిల్లులు.