కిటికీ సరే, ఆ తోట సంగతేంటి?

పోయిన చలికాలం న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్లేసరికి బావ కిటికీ దగ్గర నిలబడి చిరాకు పడుతున్నాడు. చెక్క ఫ్రేమ్ కింది అంచు నానిపోయింది, వేలితో నొక్కితే పొడి రాలుతోంది, సందులోంచి చలిగాలి కొడుతోంది. ఇది చారిత్రక ప్రాంతం కాబట్టి మారుద్దామంటే ముందు సిటీ పర్మిషన్ తెచ్చుకోవాలి, కొత్త కిటికీ చూడ్డానికి పాతదానిలాగే ఉండాలి, మామూలుదానికంటే ఖర్చెక్కువ. "ఇల్లు నాది, డబ్బు నాది, మధ్యలో ఈ గొడవేంట్రా?" అన్నాడు. అక్క కాఫీ కప్పు నా చేతిలో పెట్టి "ముందు కిందికి చూడు" అంది.

కింద తోట. రోడ్డు మీద నడిచేవాళ్లకి అదక్కడ ఉందనే తెలీదు. బిల్డింగులన్నీ బ్లాక్ అంచుల వెంట వీధివైపు తిరిగి ఉంటాయి, వాటి వెనకాల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అందరిదీ ఒకటే తోట. మన మండువా లోగిలి గుర్తురాకుండా ఎలా ఉంటుంది?

ఇదంతా ఊరికే అయింది కాదు. 1909లో మాన్‌హట్టన్‌ని ఇటువైపు క్వీన్స్‌తో కలిపే క్వీన్స్‌బరో బ్రిడ్జి తెరిచారు, 1917లో ఇప్పుడు మనం ఎక్కే 7 నంబర్ రైలు వచ్చింది, క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ ఇక్కడి పొలాలు కొని అపార్ట్‌మెంట్లు కట్టింది. అప్పటికి మాన్‌హట్టన్‌లో పనివాళ్లుండే పాత బిల్డింగుల్లో స్థలం దాదాపు వదలకుండా కట్టేసి, కొన్ని గదులకు వెలుతురే లేకుండా చేశారు. ఇక్కడ ఆండ్రూ థామస్ అనే ఆర్కిటెక్ట్ లిండెన్ కోర్ట్, షాతో, టవర్స్ లాంటివి గీసినప్పుడు మధ్య స్థలాన్ని తోటకి వదిలేశాడు. అందుకే అక్క ఇంట్లో పొద్దున వీధివైపు నుంచి, సాయంత్రం తోటవైపు నుంచి ఎండ పడుతుంది. ఈ ఇళ్లని కో-ఆప్ పద్ధతిలో అమ్మారు, అంటే మనం కొనేది ఫ్లాట్ కాదు, బిల్డింగ్‌లో షేర్లు. తోట కూడా ఆ షేర్లలోనే ఉంది. నా దృష్టిలో ఈ బిల్డింగుల అసలు విలువ ఇదే, పైన పలకల కప్పులూ ఇటుకల అల్లికా ఆ తర్వాతే.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ కంపెనీ యూదులకీ నల్లవాళ్లకీ ఇళ్లు అమ్మలేదు. తోటలోకి ఎవరు రావాలో ఎవరు రాకూడదో ముందే గీత గీసి పెట్టారు. మనవాళ్లెవరైనా ఆ రోజుల్లో వెళ్లి తలుపు తడితే ఏం జరిగేదో ఆలోచించండి. ఇల్లు చూపించేటప్పుడు పిల్లలకి ఇది కూడా చెప్పాలంటాను నేను.

మాన్‌హట్టన్‌లో పెన్ స్టేషన్ అనే పాత రైల్వే స్టేషన్‌ని 1963లో కూల్చడం మొదలుపెట్టాక జనం కడుపుమండి అడగబట్టి న్యూయార్క్‌లో పాత కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. అది 1965. మన డాక్టర్లూ ఇంజినీర్లూ అమెరికా రావడానికి దారి తెరిచిన వలస చట్టమూ అదే ఏడాది. 1993లో జాక్సన్ హైట్స్‌ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. ఇవాళ 74వ వీధిలో గోంగూర, కందిపప్పు కొనుక్కుని నడిచొచ్చి ఆ తోట గేటు తీసుకుని లోపలికి వెళ్తున్నాం.

బావ బాధ నాకు తెలియంది కాదు, చలికి వణికేది వాళ్లే కదా. కానీ దానికి మందు రూల్ తీసేయడం కాదు. ఇవాళ ఒకరు ప్లాస్టిక్ కిటికీ పెడతారు, రేపు ఇంకొకరు ఏసీ కోసం గోడ పగలగొడతారు, పదేళ్లకి ఆ వరస ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బిల్డింగ్ మొత్తానికి కలిపి ఒకేసారి కిటికీల మాస్టర్ ప్లాన్‌కి ఆమోదం తీసుకోవచ్చు, అప్పుడు ప్రతి ఇంటివాళ్లూ మళ్లీ మొదట్నుంచీ తిరగాల్సిన పని తగ్గుతుంది. అందరూ కలిసి ఆర్డర్ ఇస్తే రేటూ తగ్గించమని అడగొచ్చు, బిల్డింగ్ కోసం దాచిపెట్టిన రిజర్వ్ ఫండ్ నుంచి కొంత సర్దొచ్చు. కాకపోతే ఇవన్నీ కో-ఆప్ మీటింగుల్లో తేలే విషయాలు, ఆ మీటింగులకి మనవాళ్లలో నేనెరిగినవాళ్లు ఎవరూ వెళ్లరు. బోర్డుకి నిలబడటం సంగతి అటుంచండి, ఓటు కూడా వెయ్యరు.

తెనాలిలో మా తాతయ్య ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వానొస్తే మండువాలో గంగాళం పెట్టి నీళ్లు పట్టేది నాయనమ్మ. ఆ చోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు. అప్పుడు ఒక్కరం కూడా వద్దనలేదు.

ప్రతి జూన్‌లో ఒక వారాంతం జాక్సన్ హైట్స్‌లో కొన్ని లోపలి తోటల్ని బయటివాళ్లకీ తెరుస్తారు. న్యూజెర్సీ నుంచైనా సరే, పిల్లల్ని తీసుకుని రండి. ఇక బావ ఈసారి మీటింగ్‌కి వెళ్తానన్నాడు. మాస్టర్ ప్లాన్ గురించి అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను, అక్క దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది.