చివరి స్థానంలో ఉండగానే జనం వచ్చారు

2022 అక్టోబరు 16న యొకోహామాలో, అన్ని డివిజన్ల ఫుట్‌బాల్ జట్లూ పోటీపడే జపాన్ ఎంపరర్స్ కప్ ఫైనల్ జరిగింది. ఒకవైపు మొదటి డివిజన్‌లో పైవరుస జట్టు సాన్‌ఫ్రెచ్చె హిరోషిమా. మరోవైపు రెండో డివిజన్‌లో కిందామీదా పడుతూ, 22 జట్లలో 18వ స్థానంతో ఆ సీజన్ ముగించిన వాన్‌ఫోరే కోఫు. పెనాల్టీ షూటౌట్‌లో కోఫు గెలిచింది. అప్పటినుంచి ఆ గెలుపును అద్భుతం అనే రాస్తున్నారు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఇరవై ఏళ్లపాటు ఒక చిన్న ఊరు పడ్డ పాటును దేవుడి ఖాతాలో వేసేసినట్టుంటుంది.

కోఫు యామనాషి రాష్ట్ర రాజధాని. ఫుజి పర్వతానికి ఉత్తరాన, నాలుగు వైపులా కొండలున్న పళ్లెం లాంటి లోయ. ద్రాక్ష తోటలకు, వైన్‌కు పేరు. ఊరి జనాభా రెండు లక్షల లోపు, రాష్ట్రమంతా కలిపి ఎనిమిది లక్షలు. జపాన్‌లో పేరున్న క్లబ్బులు చాలావరకు పెద్ద కంపెనీల జట్లుగా పుట్టాయి. హిరోషిమా వెనక మజ్దా, నగోయా వెనక టొయోటా, ఉరావా వెనక మిత్సుబిషి. కోఫు వెనక అలాంటి పెద్దదిక్కు ఎవరూ లేరు. స్థానిక హైస్కూలు పూర్వ విద్యార్థుల ఆటే పెరిగి 1965లో కోఫు క్లబ్ అయింది. 1999లో రెండో డివిజన్ మొదలైనప్పుడు వాన్‌ఫోరే పేరుతో ప్రొఫెషనల్ లీగ్‌లో అడుగుపెట్టింది.

అడుగుపెట్టిన ఏడాదే చివరి స్థానం. 2000లోనూ అంతే, అదీ వరసగా 19 ఓటములు చవిచూసి. సగటున రెండు వేల మంది కూడా ఆట చూడటానికి రాలేదు. అప్పు 40 కోట్ల యెన్లు దాటింది. క్లబ్బును మూసేయడమే మేలన్న మాట గట్టిగానే వినిపించింది.

అంతకు రెండేళ్ల ముందు జరిగింది గుర్తుంటే ఆ భయం ఎంత నిజమో తెలుస్తుంది. 1998లో యొకోహామా ఫ్లూగెల్స్‌ను నడిపే రెండు కంపెనీల్లో ఒకటి చేతులెత్తేసింది. రెండోదైన ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ ఒంటరిగా మోయలేనంది. క్లబ్బును పక్క జట్టు మారినోస్‌లో కలిపేశారు. అభిమానులు సంతకాలు సేకరించారు, మొత్తుకున్నారు. నిర్ణయం మారలేదు. 1999 జనవరి 1న ఫ్లూగెల్స్ ఇదే ఎంపరర్స్ కప్ గెలిచి, ఆ రోజుతోనే కనుమరుగైంది. కప్పు గెలిచినా క్లబ్బు బతకలేదు. మైదానంలో ఎంత ఆడినా, యాజమాన్యం ఎవరి చేతిలో ఉందన్నదే చివరికి తేలుస్తుంది.

కోఫులో ప్రధాన వాటాదారులు నలుగురు. రాష్ట్ర ప్రభుత్వం, కోఫు, నిరసాకి నగరపాలక సంస్థలు, యామనాషి నిచినిచి దినపత్రిక గ్రూపు. ప్రజల సొమ్ము ఊరికే పోయడం కుదరదు, అలాగని మూసేస్తే చెడ్డపేరు. అందుకే వాళ్లు 2001 సీజన్‌కు మూడు షరతులు బాహాటంగా పెట్టారు. సగటు ప్రేక్షకులు 3,000, క్లబ్ సభ్యులు 5,000, ప్రకటనల రాబడి 5 కోట్ల యెన్లు. ఇవి అందుకోకపోతే క్లబ్ ఉండదు.

నా దృష్టిలో కోఫు చరిత్రలో అసలు మలుపు ఇదే. సాయం చేయండని వేడుకుంటే జనం జాలిపడి ఊరుకుంటారు. ఇంతమంది రావాలి, ఇంత రావాలి అని లెక్క ముందు పెడితే ప్రతి మనిషీ తన వంతు ఎంతో చూసుకుంటాడు. పత్రిక గ్రూపు నుంచి అధ్యక్షుడిగా వచ్చిన కజుయుకి ఉమినో గడపగడపా తిరిగి చిన్న వ్యాపారులనే అడిగారు. డబ్బు ఇవ్వలేనివాళ్లు పని ఇచ్చారు. లాండ్రీ నడిపేవాళ్లు జట్టు బట్టలు ఉతికిపెట్టారు, స్నానశాలవాళ్లు ఆటగాళ్లకు తలుపులు తెరిచారు. గాయపడిన ఆటగాణ్ణి మోసుకెళ్లే స్ట్రెచర్ మీద కూడా ప్రకటన వేసుకున్నారు. ఏ మూల ఖాళీగా ఉంటే ఆ మూల అమ్మారు. ఏడాది తిరిగేసరికి మూడు షరతులూ నెరవేరాయి.

ఆ 2001లోనూ జట్టు చివరి స్థానంలోనే ఉంది. అంటే గెలుస్తున్నారని జనం రాలేదు. వాళ్లు వచ్చాకే, ఆ తర్వాతి ఏళ్లలో, గెలుపులు వచ్చాయి. 2005 డిసెంబరులో కషివా రేసోల్‌తో ప్లేఆఫ్ రెండో మ్యాచ్‌లో బ్రెజిల్ ఆటగాడు బారె ఒక్కడే ఆరు గోల్స్ కొట్టి క్లబ్బును మొదటి డివిజన్‌కు చేర్చాడు. తర్వాత దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. 2013 నుంచి 2017 దాకా ఐదేళ్లు పైన నిలబడటమే ఆ బడ్జెట్‌కు పెద్ద ఘనత.

ఈ పద్ధతికి మూల్యమూ ఉంది, దాన్ని దాచకూడదు. చిన్న చేతులు ఎన్ని కలిసినా పెద్ద జీతాలు పుట్టవు. జపాన్ జాతీయ జట్టులో మెరిసిన జున్యా ఇతో కోఫులో ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయాడు. 2022 ఫైనల్లో హిరోషిమా కెప్టెన్ షో ససాకి కూడా కోఫులో ఎదిగినవాడే.

ఆ ఫైనల్లో అదనపు సమయం చివర్లో బంతి చేతికి తగిలించుకుని హిరోషిమాకు పెనాల్టీ ఇచ్చింది హిదెఓమి యామమోటో. అప్పటికి వయసు 42, 2003 నుంచి కోఫు ఆటగాడు. గోల్‌కీపర్ కోహే కవాతా ఆ కిక్‌ను ఆపేశాడు. షూటౌట్‌లో గెలుపు తేల్చే ఐదో కిక్ యామమోటోదే అయింది, అతడు గోల్ కొట్టాడు. పైకి వెళ్లినా కిందికి పడినా ఇరవై ఏళ్లు ఒకే చొక్కా వేసుకున్న మనిషికి ఆ కిక్ దక్కడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

కప్పు పుణ్యమా అని మరుసటి ఏడాది ఆసియా చాంపియన్స్ లీగ్‌లో ఆడే అవకాశం వచ్చింది. సొంత స్టేడియం ఆసియా సమాఖ్య ప్రమాణాలకు సరిపోక, సొంత మ్యాచ్‌లను టోక్యో నేషనల్ స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. అక్కడికి వేరే జపాన్ క్లబ్బుల అభిమానులు తమ తమ చొక్కాలతోనే వచ్చి కోఫు కోసం అరిచారు. మెల్‌బోర్న్ సిటీ, బురిరామ్, జెజియాంగ్ ఉన్న గ్రూపులో రెండో డివిజన్ జట్టు అగ్రస్థానంలో నిలిచింది. తర్వాత కొరియా జట్టు ఉల్సాన్ చేతిలో ఓడింది.

క్లబ్ ఇప్పుడు తేల్చుకోవాల్సింది స్టేడియం సంగతే. ఇప్పుడున్నది ప్రభుత్వానిది, చుట్టూ పరుగు ట్రాక్ ఉన్న అథ్లెటిక్స్ మైదానం. ఎనిమిది లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో కొత్తది కట్టడం చిన్న ఖర్చు కాదు, వద్దనేవాళ్ల వాదనలోనూ పసుంది. ఎంత ఖర్చవుతుంది, అందులో క్లబ్ ఎంత తేవాలి, ఏడాదికి ఎన్ని రోజులు జనం వాడుకుంటారు అన్న లెక్కలను 2001లోలాగే ముందే బయటపెట్టి, కట్టాలో వద్దో ఆ తర్వాతే తేల్చాలి.