వెనకవి కూడా చక్రాలేనండీ

బండి చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కెమెరాలతో కొలిచి చెప్పే మహారాజశ్రీ త్రీడీ వీల్ అలైన్‌మెంట్ మెషీన్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ క్లీనర్ సైడు, అంటే ఎడమ పక్క, వెనక చక్రం తప్ప అందరం క్షేమం. తమరు మానిటర్ మీద ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా కులాసాగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను. ఒంటిగంటకి వచ్చి నాలుగున్నర దాకా కూర్చున్నది తమ ఎదురుగానే కదా. మూడు నెలల్లో మూడోసారి.

రోగం మొదటిరోజే విన్నవించుకున్నాను. కడియం నుంచి మొక్కల లోడుతో హైవే ఎక్కితే బండి తిన్నగానే పోతుంది, స్టీరింగ్ మాత్రం ఎడమకి తల వాల్చుకుని కూర్చుంటుంది. వెనకొచ్చే లారీ ఆయన టీ కొట్టు దగ్గర ఆపి మరీ చెప్పాడు, "మీ బండి పీతలా పక్కకి నడుస్తోందండీ" అని. లైసెన్సు తప్ప ఏ పరికరమూ లేని మనిషికి కనపడింది. నాలుగు చక్రాలూ ఒకేసారి చూడగల కెమెరాలున్న తమకి కనపడలేదు.

కనపడలేదని ఎలా అంటాను, చూస్తే కదా! తమ కెమెరాలు గురిపెట్టి చూసే పలకలు ముందు చక్రాలు రెంటికే బిగించుకున్నారు. బండిని జానెడు వెనక్కి, జానెడు ముందుకి తోయించుకున్నారు. చక్రం నిలువు వాలుకి క్యాంబర్, చక్రం తిరిగే ఇరుసు వాలుకి క్యాస్టర్, చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన తేడాకి టో అంటూ ఎర్ర గడులన్నీ పచ్చబడ్డాయి. "మరి వెనకవో?" అని తమ దగ్గర పనిచేసే కుర్రాణ్ణి అడిగాను.

"ఎనక సెట్టింగ్ ఉండదండి. కమాన్ కట్టల బండి కదండీ, ఇరుసు గట్టిదండి. ఆయ్."

కుర్రాడి మాట అబద్ధమని అనను. వెనక ఒకే ఇరుసు, కమాన్ కట్టల మీద, అంటే దొంతరగా పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల మీద, యూ బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు చక్రాల్లా, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ తిప్పి సరిచేసే ఏర్పాటు లేదు. ఒప్పుకున్నాను. కానీ సెట్టింగ్ లేదంటే చూడక్కర్లేదనా? కట్టు కట్టే వీల్లేదని ఎక్స్‌రే కూడా తీయని డాక్టరుని ఎక్కడైనా చూశారా? తమరిచ్చిన కాగితంలో థ్రస్ట్ యాంగిల్ అని ఒక గడి అచ్చేసి ఉంది. దాని పక్కన రెండు గీతలు. మూడుసార్లకి మూడు కాగితాలు, ఆరు గీతలు. వెనక ఇరుసు ఎటు చూస్తోందో చెప్పే గడి అదొక్కటే. అదే ఖాళీ!

ఇంటికొచ్చాక పనంతా పురికొసతో అయిపోయింది. మొక్కల కట్టలకి చుట్టేదే, వేరేది కాదు. అంతకంటే ముందు, నర్సరీ ఎదుట సిమెంటు రోడ్డు మీద పైపుతో నీళ్ళు కొట్టి, స్టీరింగ్ కదపకుండా బండిని తడి మీంచి పొడిలోకి నడిపాం. ముందు చక్రాల అచ్చుల మీదే వెనకవి పడాలి, లేదా రెండు పక్కలా సమానంగా తేడా ఉండాలి. మాకు వెనక అచ్చులు రెండూ ఎడమకి రెండు వేళ్ళు జరిగి పడ్డాయి. తర్వాత చక్రాల వెంట పురికొస లాగి చూస్తే అదే తేడా. మా బాబాయ్ టేపు పట్టుకుని కిందకి దూరాడు. కమాన్ కట్ట ముందు పిన్ను నుంచి ఇరుసుకి డ్రైవర్ సైడు కొలిచాడు, క్లీనర్ సైడు కొలిచాడు. క్లీనర్ సైడు 12 మిల్లీమీటర్లు ఎక్కువ. రెండు కట్టలకీ మధ్య దాదాపు మీటరు, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మూడు మీటర్లు. మీటరుకి 12 అయితే మూడు మీటర్లకి 36. రెండు వేళ్ళంటే అంతేగా! అయిదో తరగతి పిల్లాడు చేసే లెక్క.

కట్టలోని పట్టీలని నడుమ కలిపి బిగించే సెంటర్ బోల్టు తెగిందట. దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చోబట్టే కట్ట కదలకుండా ఉండేది. తెగాక, వదులైన యూ బోల్టుల సందున ఇరుసు మెల్లగా వెనక్కి జరిగింది. తడి మట్టి సంచులతో లోడు మీద లోడు వేసిన పాపం నాదే, తమకి అంటగట్టను.

కానీ రెండోసారి చేసిన నిర్వాకం మాత్రం తమదే. స్టీరింగ్ వంకర పోవాలని ఒక పక్క టై రాడ్ మాత్రమే తిప్పారు. స్టీరింగ్ నిటారుగా నిలబడింది, టో చెడింది. ఇప్పుడు ముందు టైరుని చేత్తో అడ్డంగా తడిమితే ఒకవైపుకి నున్నగా జారుతుంది, వెనక్కి లాగితే రంపంలా గీరుకుంటుంది. కొత్త టైరయ్యా! బాకీ కూడా తీరలేదు. నైట్రోజన్ కొట్టించమని మూడుసార్లు అడగడానికి నోరొచ్చింది, బయటి గాలిలో 78 శాతం అదే ఉందని చెప్పడానికి రాలేదు. ఫోన్‌కి అయిదు చుక్కలిమ్మని మెసేజ్ వచ్చింది. వెనక చక్రం వైపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిరిగి చూడ్డానికి నీకేం పోయేకాలం? పలకలు లేవా? ఉన్నాయి. నేనే చూశాను, మూల డబ్బాల వెనక రెండు, దుమ్ముకొట్టుకుని.

సరే, కోపంలో నువ్వన్నాను, క్షమించాలి. తమరితో పనింకా ఉంది మరి. రేపు కమాన్ మేస్త్రి సెంటర్ బోల్టు వేసి ఇరుసుని చోటికి తెస్తాడు. ఆ తర్వాత ముందు చక్రాల టో మళ్ళీ తీయాలి. పురికొసతో వంకర తెలుస్తుంది గానీ, అంత సన్నపు లెక్క దానికి అందదు, తమకే అందుతుంది. ఆ మాట ఒప్పుకోవడానికి రాత్రంతా పట్టింది.

శనివారం పొద్దున్నే వస్తాను. ఆ రెండు పలకలూ తుడిపించి ఉంచండి.

ఇట్లు,
పీత నడక బండి ఓనరు

తా.క.: పురికొస జేబులోనే ఉంటుంది.