వార్తలు చెప్పనివ్వని రేడియోకు చేయూత ఏమిటి?

స్థానిక ప్రజల కోసం లాభాపేక్ష లేకుండా నడిచే కమ్యూనిటీ రేడియో కేంద్రాలు గంటకు 7 నిమిషాలకు బదులు 12 నిమిషాల పాటు ప్రకటనలు వేసుకోవచ్చని, పది సెకన్ల ప్రభుత్వ ప్రకటనకు 52 రూపాయలకు బదులు 74 రూపాయలు చెల్లిస్తామని 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించినప్పుడు ఆ రంగంలో పనిచేస్తున్నవారు సంతోషించారు. కరెంటు బిల్లు కట్టడానికే కటకటలాడే కేంద్రాలకు ఆ మాత్రం సాయమూ అవసరమే కనుక వారి సంతోషాన్ని తప్పుపట్టలేము. అయితే ఆ సవరణ తర్వాత కూడా ఒక నిబంధన చెక్కుచెదరకుండా మిగిలింది. వార్తలకు, వర్తమాన వ్యవహారాలకు సంబంధించిన కార్యక్రమాలను, రాజకీయ స్వభావం గల కార్యక్రమాలను ప్రసారం చేయరాదని 2006 నాటి మార్గదర్శకాలు పెట్టిన షరతు అది. దాన్ని తొలగించనంత వరకు సబ్సిడీలు, ప్రకటనలు, సమ్మేళనాలు, అవార్డులు ఎన్ని ఇచ్చినా స్వతంత్ర మాధ్యమానికి చేయూతనిచ్చినట్టు కాదని నా నిశ్చితాభిప్రాయం.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. ఆ తీర్పు స్ఫూర్తితో 2000 సంవత్సరంలో మెదక్ జిల్లా పస్తాపూర్ నుంచి కమ్యూనిటీ రేడియో కోసం ఒక డిక్లరేషన్ వెలువడింది. కేంద్రం 2002లో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తెరిచి, స్వచ్ఛంద సంస్థలకు అనుమతినివ్వడానికి 2006 నవంబరు దాకా సమయం తీసుకుంది.

ఆ జాప్యం ఎవరి జీవితాల్లో ఎలా గడిచిందో చూడాలంటే జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌కు వెళ్లాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు లైసెన్సు రాకముందే, 1990ల చివరి నుంచే, యునెస్కో సాయంతో రికార్డింగ్ నేర్చుకున్నారు. ప్రసారం చేసే హక్కు లేకపోవడంతో తాము రికార్డు చేసిన క్యాసెట్లను ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపించుకుంటూ ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చివరకు 2008 అక్టోబరు 15న, ఏ తీర్పు వల్ల తమకు ఆ హక్కు దక్కిందో ఆ తీర్పు రాసిన జస్టిస్ సావంత్ చేతుల మీదుగానే, దేశంలో ఒక పౌర సంస్థ ఆధ్వర్యంలోని తొలి కమ్యూనిటీ రేడియోగా ‘సంఘం రేడియో’ 90.4 మెగాహెర్ట్‌జ్ మీద మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు స్త్రీలు దాని గొంతుగా పేరు తెచ్చుకున్నారు. రాత్రి ఏడు గంటలకు, కూలి పనులు ముగించుకొని ఇళ్లకు చేరిన మనుషులకు కొర్రలు, సామలు, యాసంగి జొన్నల ముచ్చట, విత్తనం దాచుకునే పద్ధతి, పండుగ పాట వారి యాసలోనే వినిపిస్తాయి. రికార్డరు పట్టుకొని చెలకలోకే వెళ్లి, కలుపు తీస్తున్న మనిషి పక్కన కూర్చొని మాట్లాడించే పాత్రికేయం ఇది. నగరాల్లోని స్టూడియోలలో ఎంత ఖర్చు పెట్టినా ఆ మాట దొరకదు.

ఆ మైకుకు చట్టం వేసిన గీత చూడండి. చిరుధాన్యాల సాగు గురించి గంటసేపు మాట్లాడవచ్చు, కానీ అదే రైతుకు నిన్న మార్కెట్ యార్డులో తూకంలో మోసం జరిగిందని చెబితే అది వార్త అవుతుంది. ఉపాధి హామీ పథకం గొప్పతనాన్ని వివరించవచ్చు, కానీ తమ ఊరి కూలీలకు మూడు వారాలుగా డబ్బులు పడలేదని చెబితే అది వర్తమాన వ్యవహారం. తాగునీటి సరఫరా, విద్యుత్తు, ఆరోగ్య హెచ్చరికల వంటి ప్రకటనలను ‘వార్తేతరాలు’గా పరిగణించే వెసులుబాటును తర్వాత ఇచ్చారు గానీ, స్థానిక అధికార యంత్రాంగం అందించినప్పుడే అని మెలిక పెట్టారు. అంటే రేపు నల్లా రాదని అధికారి చెబితే చదవవచ్చు, నెల రోజులుగా నల్లా రావడం లేదని ఊరి ఆడవాళ్లు చెబితే మాత్రం జంకాలి. ఆకాశవాణి వార్తలను యథాతథంగా తిరిగి వినిపించుకోవచ్చట. ఢిల్లీ వార్త మాచ్‌నూర్‌కు చేరవచ్చు గానీ మాచ్‌నూర్ వార్త మాచ్‌నూర్‌లోనే వినిపించకూడదనే ఈ ఏర్పాటు రేడియోను సర్కారు చాటింపు డప్పుగా మారుస్తోంది.

ఈ నిషేధం ఎంత అసంబద్ధమో సమాచార హక్కు చట్టం చదివినవారికి ఇట్టే బోధపడుతుంది. 2005లో వచ్చిన ఆ చట్టం నాలుగో సెక్షన్, ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే తమ సమాచారాన్ని ప్రజల ముందు పెట్టాలని ఆదేశిస్తుంది. ఎలా పెట్టాలో కూడా చెబుతుంది: ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో అత్యంత ప్రభావవంతమైన పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలంటుంది. సమాచార వ్యాప్తికి సాధనాలేవో వివరిస్తూ నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్‌తో పాటు మాధ్యమ ప్రసారాలను స్పష్టంగా పేర్కొంటుంది. చదువు రాని కూలీలు ఎక్కువగా ఉన్న ఒక మండలంలో తక్కువ ఖర్చుతో, స్థానిక భాషలో, అందరికీ చేరే సాధనం కమ్యూనిటీ రేడియో కాక మరేమిటి? పార్లమెంటు ఆ చట్టం చేసిన మరుసటి ఏడాదే కార్యనిర్వాహక మార్గదర్శకాలు ఆ సాధనం నోరు కట్టేశాయి. పంచాయతీకి వచ్చిన నిధులెన్ని, సిమెంటు రోడ్డుకు ఖర్చయిందెంత, మస్టర్ రోల్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఎవరి పేర్లున్నాయి అన్న వివరాలను గోడ మీద రాయవచ్చు, వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. ఆ గోడ చదవలేని, ఆ వెబ్‌సైట్ తెరవలేని మనిషికి రేడియోలో వినిపించి, ఆ రోడ్డు నిజంగా వేశారా అని అడగడానికి మాత్రం రేడియో కేంద్రం నడిపేవారు లైసెన్సు పోతుందేమోనని భయపడాలి. ఉపాధి పనులపై సామాజిక తనిఖీని ప్రభుత్వమే చేపట్టి, ఊరి మధ్య ప్రజావేదిక పెట్టి, కూలీల ఎదుట లెక్కలు చదివించే పద్ధతిని దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఆ వేదిక మీద పలికిన మాట పది కిలోమీటర్ల అవతల వినిపిస్తే నేరమెలా అవుతుందో ఏలినవారే చెప్పాలి.

ప్రభుత్వ వాదన భద్రత చుట్టూ తిరుగుతుంది. ప్రైవేటు, కమ్యూనిటీ రేడియోలపై వార్తల నిషేధాన్ని సవాలు చేస్తూ ‘కామన్ కాజ్’ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు కేంద్రం చెప్పిన సమాధానం అదే: ఇన్ని కేంద్రాల్లో ఏం మాట్లాడుతున్నారో గమనించే యంత్రాంగం లేదు, సంఘవిద్రోహ శక్తులు వాడుకోవచ్చు. కల్లోల ప్రాంతాల విషయంలో ఆ ఆందోళన పూర్తిగా నిరాధారం కాదు. కానీ ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలల పాటు భద్రపరచాలని అవే మార్గదర్శకాలు ఆదేశిస్తున్నాయి. అనుమతి కోరే సంస్థ నేపథ్యాన్ని కేంద్ర హోంశాఖ పరిశీలిస్తుంది. సాధారణంగా వంద వాట్ల శక్తితో, ముప్పై మీటర్ల టవరుతో, నాలుగు మండలాలు దాటని గొంతు దేశ భద్రతకు ముప్పు అయితే, దేశమంతటికీ ఒకేసారి చేరే సుమారు 900 ప్రైవేటు శాటిలైట్ చానెళ్లలో మూడోవంతుకు పైగా వార్తా చానెళ్లకు అనుమతి ఎలా ఇచ్చారు? రాత్రి తొమ్మిది గంటల చర్చల్లో మత విద్వేషం చిమ్మడానికి లేని అడ్డు, రేషన్ దుకాణం తెరవలేదని చెప్పడానికి ఎందుకు?

మనకంటే ఎంతో పేదదైన నేపాల్ ఈ భయాన్ని దాటింది. అక్కడి పర్యావరణ పాత్రికేయుల వేదిక 1997లో ప్రారంభించిన ‘రేడియో సగర్మాథా’ దక్షిణాసియాలోనే తొలి స్వతంత్ర కమ్యూనిటీ రేడియో. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారాన్ని హస్తగతం చేసుకున్న వెంటనే చేసిన పనుల్లో ఎఫ్ఎం కేంద్రాల్లో వార్తలను నిషేధించడం ఒకటి. ఆ ఏడాది నవంబరులో బీబీసీ నేపాలీ సర్వీసు ద్వారా వచ్చే మావోయిస్టు నేత ప్రచండ ఇంటర్వ్యూ ప్రసారాన్ని అడ్డుకుంటూ పోలీసులు రేడియో సగర్మాథాపై దాడి చేసి, పరికరాలు పట్టుకుపోయి, సిబ్బందిని అరెస్టు చేశారు. కేంద్రాలు కోర్టుకెళ్లి ఆ నిషేధాన్ని నిలువరించాయి. ఇవాళ అక్కడ కొండకోనల్లో వందల కేంద్రాలు తమ జిల్లా వార్తలు తామే చెబుతున్నాయి. 2015 భూకంపంలో భవనాలు కూలిన తర్వాత గుడారాల్లోంచి ప్రసారాలు కొనసాగించాయి. రాచరికం అత్యవసర పరిస్థితిలో విధించిన ఆంక్షను ప్రజాస్వామ్య భారతం రోజువారీ నిబంధనగా కొనసాగించడం మనకు తలవంపులు.

ఇక డబ్బు సంగతి. కేంద్రం కొత్తగా ఇచ్చిన ధర ప్రకారం 12 నిమిషాలూ ప్రభుత్వ ప్రకటనలతో నిండితే గంటకు 5,328 రూపాయలు వస్తాయి. మారుమూల కేంద్రాలకు అన్ని ప్రకటనలు దొరకవు. దొరికినా, ఏ అధికారులను ప్రశ్నించాలో ఆ అధికారుల దయ మీద ఆదాయం ఆధారపడుతుంది. విదేశీ దాతల మీద ఆధారపడటమూ ఎంత ప్రమాదమో 2025లో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు అనేక దేశాల్లోని చిన్న వార్తాసంస్థలకు అనుభవంలోకి వచ్చింది. నిలకడైన ఆదాయం వినేవారి నుంచే రావాలి. తన ఊరి సంగతి చెప్పే రేడియోకు రైతు ఏడాదికి వంద రూపాయలో, కుంచెడు జొన్నలో ఇస్తాడు. తన ఊరి గురించి నోరు మెదపని రేడియోకు ఎందుకివ్వాలి?

అసలు తెలుగునాట పల్లె వార్త ఎవరి చేతుల్లో ఉందో ఆలోచించాలి. జిల్లా ఎడిషన్లు ఊరి వార్తను పత్రికలోకి తెచ్చిన మాట నిజమే, అది ఒకప్పుడు పెద్ద మలుపే. ఆ వార్తను మోసుకొచ్చే మండల విలేకరికి మాత్రం జీతం లేదు, ప్రకటనల టార్గెట్ ఉంది. సర్పంచి, కాంట్రాక్టరు, ఎరువుల డీలరు, ప్రైవేటు స్కూలు యజమాని ఇచ్చే శుభాకాంక్షల ప్రకటనలతో ఆ టార్గెట్ పూర్తి చేయాల్సినవాడు వాళ్ల అక్రమాలను రాయగలడా? ఆ విలేకరిని తప్పుపట్టి లాభం లేదు, అతణ్ని ఆ స్థితిలో నిలబెట్టిన వ్యవస్థను ప్రశ్నించాలి. పత్రికలు, చానెళ్లు పార్టీల వారీగా పంచబడిన రెండు రాష్ట్రాల్లో, ఏ పార్టీకీ చెందని సమాచారం కూలిమనిషికి చేరే దారి మూసుకుపోయింది. స్పెక్ట్రమ్‌ను వేలం వేసి వేల కోట్లు రాబట్టుకునే రాజ్యం, ఆ సంపదకు యజమానులైన ప్రజలకు ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పూర్తి మాట హక్కు ఇవ్వడానికి నిరాకరిస్తోంది. మన ప్రజాస్వామ్యంలో ఓటు కింది దాకా వెళ్లింది గానీ మాట వెళ్లలేదు.

ఈ నిషేధం పార్లమెంటు చేసిన చట్టంలో లేదు, సమాచార, ప్రసార శాఖ మార్గదర్శకాల్లో ఉంది. 2024లో ప్రకటనల నిమిషాలను సవరించినట్టే దీన్నీ సవరించవచ్చు. రేడియో కేంద్రం తన ప్రసార పరిధిలోని స్థానిక వార్తలను తానే సేకరించి ప్రసారం చేయవచ్చని, ఎన్నికల ప్రచారానికి వాడరాదని, ఆరోపణ వచ్చినవారి వివరణ కూడా వినిపించాలని మూడు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. అంత వరకూ ఆగకుండా రెండు తెలుగు ప్రభుత్వాలు తమ చేతిలో ఉన్న పని చేయాలి. గ్రామసభ తీర్మానాలను, సామాజిక తనిఖీ నివేదికలను సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద చదివి వినిపించండని స్థానిక కేంద్రాలకు కలెక్టర్ల ద్వారా లిఖితపూర్వకంగా అందించాలి. అధికార యంత్రాంగం అందించిన సమాచారమే కనుక, ప్రస్తుత నిబంధనల కింద కూడా ఆ లెక్కలు వినిపించినందుకు ఏ లైసెన్సునైనా రద్దు చేయడం సబబనిపించుకోదు.