‘తెలియదు’ అనే మాట బ్రిటన్‌లో ఎవరికి చెల్లుతుంది?

నవంబరు చివర్లో ఒక సాయంత్రం, వాన పడుతుండగా ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. రోడ్డు అంచున నీళ్లు నిండిన గుంతలో కారు ముందు ఎడమ చక్రం పడింది. టైరు పక్కన చీలిపోయింది, చక్రం అంచు వంగింది. టైరు మార్చి, చక్రం సరిచేయించేసరికి 240 పౌండ్లు అయింది. రసీదు, ఫొటోలు జతచేసి మా కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వానికి, క్లెయిమ్ పంపాను. ఏడు వారాలకు జవాబు వచ్చింది. ఆ రోడ్డును గడువు ప్రకారమే తనిఖీ చేశాం, అప్పుడు గుంత కనిపించలేదు, దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు, కాబట్టి పరిహారం ఇవ్వలేం అని రాశారు.

దాదాపు అదే సమయంలో ఇంకో ఉత్తరం వచ్చింది. ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో రెండు గంటలకు మించి 19 నిమిషాలు ఉన్నానట. వంద పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే అరవై చాలు. రాత్రి వేళ, వానలో, ఆ బోర్డు కనబడలేదని అప్పీల్ రాశాను. లోపలికి కారు తీసుకొచ్చారంటే షరతులు ఒప్పుకున్నట్టే అని తిరస్కరించారు.

ఈ రెండు ఉత్తరాలూ చాలా రోజులు మా వంటింటి బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. తెలియదు అని కౌన్సిల్ అంటే అది చట్టం ఒప్పుకునే సమాధానం. అదే మాట నేనంటే ఎవరూ వినలేదు. బ్రిటన్‌లో కారు ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే పెట్రోలు ధర, ఇన్సూరెన్స్, గుంతలు, పార్కింగ్ ఫైన్ల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఖర్చు ఎక్కువన్నది నిజమే. కానీ ఇన్నేళ్లుగా ఈ కబుర్లు విన్నాక నాకు అనిపించేది వేరు. జనాన్ని ఎక్కువగా బాధపెట్టేది ఖర్చు కాదు. అన్నీ తెలుసుకుని ఉండాల్సిన బాధ్యత మొత్తం కారు యజమాని మీదే పడటం.

గుంతల సంగతే చూడండి. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే హైవేస్ యాక్ట్ 1980 సెక్షన్ 41 ప్రకారం రోడ్డును బాగుగా ఉంచడం హైవే అథారిటీ బాధ్యత, అంటే మన వీధి రోడ్ల విషయంలో కౌన్సిల్ బాధ్యత. అదే చట్టంలో సెక్షన్ 58 కౌన్సిల్‌కు ఒక రక్షణ ఇస్తుంది. పరిస్థితిని బట్టి తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపిస్తే పరిహారం ఇవ్వక్కర్లేదు. ప్రమాదం గురించి కౌన్సిల్‌కు తెలుసా, తెలిసి ఉండాల్సిందా అన్నది అక్కడ కోర్టు చూసే విషయాల్లో ఒకటి. ఇది పూర్తిగా అన్యాయమని నేను అనను. వందల మైళ్ల రోడ్ల మీద రాత్రికి రాత్రి పడే ప్రతి గుంతకూ కౌన్సిల్ డబ్బు కట్టాలంటే చివరికి ఆ డబ్బూ మన కౌన్సిల్ ట్యాక్స్ నుంచే పోతుంది. నా అభ్యంతరం ఆ రక్షణ ఉండటం మీద కాదు. అది ఒక్క వైపే ఉండటం మీద.

నా కారు టైరు మీద గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే, ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. అరిగిందని తెలియదంటే కుదరదు. అదే రోడ్డు మీద గుంత 40 మిల్లీమీటర్ల లోతుకు చేరితే గానీ చాలా కౌన్సిళ్లు దాన్ని మరమ్మతు చేయాల్సిన లోపంగా లెక్కపెట్టవు. మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే కారు నడపడానికి భద్రంగా ఉందా అని చూసే తనిఖీ, తప్పనిసరి. 1960లో పాత బళ్ల కోసం మొదలైన ఈ పరీక్షను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రెండేళ్లకోసారి చాలన్న ఆలోచనను ప్రభుత్వం 2024లో పక్కన పెట్టినప్పుడు సంతోషించాను కూడా. ఏటా సుమారు 1,600 మంది రోడ్ల మీద చనిపోతున్న చోట బ్రేకులు, టైర్లు ఏడాదికోసారి చూడటం ఎక్కువేమీ కాదు. కానీ నా కారు నంబర్ కొడితే దాని ఎంఓటీ చరిత్ర మొత్తం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉచితంగా కనిపిస్తుంది. ఏ సంవత్సరం ఏ బల్బు వెలగలేదో కూడా ఉంటుంది. నా చక్రాన్ని వంచిన రోడ్డును ఎప్పుడు తనిఖీ చేశారో, ఏం రాసుకున్నారో తెలుసుకోవాలంటే మాత్రం సమాచార హక్కు చట్టం కింద కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకుని 20 పనిదినాల దాకా ఆగాలి.

రోడ్ల అసలు పరిస్థితి ఎవరికీ తెలియనిదేం కాదు. తారు పరిశ్రమ సంఘం ఏటా చేసే సర్వే 2025లో చెప్పిన లెక్క ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక రోడ్ల పెండింగ్ మరమ్మతులకు దాదాపు 1,680 కోట్ల పౌండ్లు కావాలి. సగటున ఒక రోడ్డుకు మళ్లీ కొత్త తారు పడేది 93 ఏళ్లకోసారి. ఆ సంఘానికి తారు అమ్ముడుపోవాలన్న స్వప్రయోజనం ఉందని గుర్తుపెట్టుకునే ఈ అంకెలు చూడాలి. అయినా రోజూ నడిపేవాళ్లకు ఆ 93 ఏళ్ల మాట అతిశయోక్తిగా అనిపించదు.

రోడ్ ట్యాక్స్ కడుతున్నాం కదా, ఆ డబ్బేమైంది అని చాలామంది అడుగుతారు. ఆ వాదన నిలబడదు. ఆ పన్నుకూ రోడ్ల ఖర్చుకూ ఉన్న ప్రత్యేక ముడి 1937లోనే తెగిపోయింది. ఇప్పుడది మామూలు ఖజానాలోకే పోతుంది.

పార్కింగ్ దగ్గర విషయం ఇంకా ముదిరింది. వచ్చే నోటీసులు రెండు రకాలు. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్, ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటినీ పొట్టిగా పీసీఎన్ అనే అంటారు. రంగూ రూపూ కూడా దాదాపు ఒకలాగే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు రెండూ ప్రభుత్వం వేసిన ఫైన్లే అనుకుని హడలిపోతారు. ఇంగ్లండ్‌లో లండన్ బయట కౌన్సిల్ వేసేది ఎక్కువలో ఎక్కువ 70 పౌండ్లు. ప్రైవేటు కంపెనీ మాత్రం వంద అడగగలదు. చట్టబద్ధంగా ఎన్నికైన సంస్థ కన్నా దుకాణం ముందు ఖాళీ స్థలం చూసుకునే కంపెనీ ఎక్కువ వసూలు చేయగలగడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఇక్కడికి ఎలా వచ్చామంటే, ఒకప్పుడు ప్రైవేటు స్థలాల్లో కారు కదలకుండా చక్రానికి క్లాంప్ (ఇనుప తాళం) వేసి డబ్బు గుంజేవారు. 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని నిషేధించారు. మంచి పని. కానీ అదే చట్టం, నడిపింది ఎవరో తేలకపోతే కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల నుంచే వసూలు చేసే హక్కును కంపెనీలకు ఇచ్చింది. వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ దగ్గర ఒక్కో చిరునామాకు 2 పౌండ్ల 50 పెన్నీలు కట్టి కంపెనీలు మన వివరాలు తీసుకుంటాయి. ఇప్పుడు అలా ఏడాదికి కోటికి పైగా నోటీసులు వెళ్తున్నాయి. చెమ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్‌కు 56 నిమిషాలు మించినందుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కంపెనీల చెయ్యి పైదైంది. ఆ తీర్పును చాలామంది సగమే చెబుతారు. అక్కడ బోర్డులు పెద్దవిగా, కొట్టొచ్చినట్టు ఉన్నాయన్నది కూడా కోర్టు చూసింది. బోర్డు చీకట్లో, స్తంభం మీద ఎత్తున, చిన్న అక్షరాలతో ఉంటే ఆ తీర్పును అడ్డం పెట్టుకోవడం కంపెనీకి అంత తేలిక కాదు. అందుకే నోటీసు వచ్చిన రోజే వెళ్లి బోర్డుల ఫొటోలు తీయమని అందరికీ చెబుతుంటాను. కెమెరాతో పట్టుకున్న కేసుల్లో నోటీసు 14 రోజుల్లోపు యజమానికి అందకపోతే ఆ చట్టం కింద యజమాని మీద వసూలు హక్కు ఉండదన్నది కూడా చాలామందికి తెలియదు. స్కాట్లాండ్‌లో నియమాలు వేరు.

దీన్ని చక్కదిద్దడానికి అప్పటి ఎంపీ గ్రెగ్ నైట్ పెట్టిన బిల్లు 2019లో చట్టమైంది. దాని కింద రావాల్సిన ప్రభుత్వ నియమావళి 2022 ఫిబ్రవరిలో వచ్చింది, కంపెనీలు కోర్టుకెక్కడంతో జూన్‌లో వెనక్కి పోయింది. 2025 జులైలో మళ్లీ అభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. ఆరేళ్ల ముందు పార్లమెంటు చేసిన చట్టం విషయంలో జరిగిన ఆలస్యం ఇది. నేను 14 రోజులు ఆలస్యం చేస్తే నా బాకీ అరవై నుంచి వంద అవుతుంది.

గేట్లు, మనుషులు పోయి కెమెరాలు వచ్చిన ప్రతిచోటా ఇదే తంతు. లండన్‌కు తూర్పున థేమ్స్ నదిని దాటించే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ దగ్గర 2014 నవంబరులో టోల్ బూత్‌లు తీసేశారు. దాటినవాళ్లు మర్నాడు అర్ధరాత్రి లోపు ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో కట్టాలి, లేకపోతే 70 పౌండ్ల పెనాల్టీ నోటీసు. హీత్రూలో అమ్మానాన్నలను హైదరాబాద్ విమానం ఎక్కించడానికి టెర్మినల్ ముందు ఒక్క నిమిషం ఆపినా అంతే. 2021 చివర్లో మొదలైన డ్రాప్ ఆఫ్ రుసుము కట్టడానికి అక్కడ గేటూ ఉండదు, మనిషీ ఉండడు. సూట్‌కేసులు దించి, కళ్లు తుడుచుకుని వెనక్కి వచ్చే పిల్లలకు ఆ రాత్రి గుర్తొచ్చేది అమ్మ ముఖం గానీ చెల్లింపు పేజీ కాదు. ఇది మనుషుల తప్పని ఎలా అంటాం?

గుర్తుచేసే వస్తువు తీసేస్తే జనం మర్చిపోతారన్నదానికి రుజువు కూడా ఉంది. రోడ్ ట్యాక్స్ కట్టినట్టు చూపడానికి కారు అద్దం మీద అతికించే కాగితపు ట్యాక్స్ డిస్క్‌ను 2014 అక్టోబరు 1న రద్దు చేశారు. రవాణా శాఖ సర్వేలో పన్ను కట్టని వాహనాలు 2013లో 0.6 శాతం, 2015కి 1.4 శాతం. రెండేళ్లలో బ్రిటిష్ వాళ్లంతా ఎగవేతదారులు అయిపోలేదు కదా. పైగా అదే రోజు నుంచి పాత కారు కొంటే దానితో ట్యాక్స్ రాదు. అమ్మినవాళ్లకు పూర్తిగా మిగిలిన నెలలకే డబ్బు తిరిగి వస్తుంది, కొన్నవాళ్లు ఆ నెల మొదటి నుంచే కట్టాలి. అంటే చేతులు మారిన నెలకు ఖజానాకు రెండుసార్లు వస్తుంది.

మనవాళ్ల విషయంలో దీనికన్నా ప్రమాదకరమైనది లైసెన్సు. భారతీయ లైసెన్సుతో ఇక్కడ 12 నెలలు నడపొచ్చు. ఆ లెక్క ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి. మధ్యలో ఇండియా వెళ్లి వస్తే మళ్లీ ఏడాది మొదలవుతుందని పక్కింటి అన్నయ్య చెప్పాడంటూ నమ్మేవాళ్లను నేను చూశాను, అది తప్పు. భారతీయ లైసెన్సును నేరుగా మార్చుకునే ఏర్పాటు లేదు. థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాల్సిందే. ప్రాక్టికల్ పరీక్ష ఫీజు మామూలు రోజుల్లో 62 పౌండ్లే, కానీ చాలా కేంద్రాల్లో తేదీ దొరకడానికి ఐదారు నెలలు పడుతోంది. సాఫ్ట్‌వేర్‌తో స్లాట్లు పట్టేసి ఎన్నో రెట్లకు అమ్మే దళారులు ఉన్నారు. పదో నెలలో మేల్కొన్నవాళ్ల గడువు అలా దాటిపోతుంది. పదమూడో నెలలో స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ కూడా చెల్లకపోవచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే అక్కడికక్కడే 300 పౌండ్లు, ఆరు పాయింట్లు. పిల్లల్ని బడికి దింపడానికి వెళ్తున్న తల్లికి ఇది ఎంత టెన్షనో ఆలోచించండి. దిగిన నెలలోనే ప్రొవిజనల్ లైసెన్సుకు, అంటే ఇక్కడి లెర్నర్ లైసెన్సుకు, పెట్టుకోండి.

ఇదంతా మార్చలేనిది కాదు. ఇన్సూరెన్స్‌లో మార్చి చూపించారు. అడగకపోయినా ముఖ్యమైన విషయాలన్నీ పాలసీదారే చెప్పాలన్న పాత నియమాన్ని 2012 చట్టం తీసేసింది, ఇప్పుడు వినియోగదారుడిని స్పష్టంగా ప్రశ్నలు అడగాల్సింది కంపెనీయే. పాత కస్టమర్‌కు రెన్యువల్‌లో కొత్త కస్టమర్ కన్నా ఎక్కువ ధర వేయకూడదని ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022 జనవరి 1 నుంచి నిషేధం పెట్టింది. ప్రీమియాలు తగ్గాయని కాదు, ఇంకా భారమే. కానీ తెలియకపోవడం వల్ల నష్టపోవడం మాత్రం తగ్గింది. ఇదే పద్ధతిలో కౌన్సిళ్లు రోడ్ల తనిఖీ రికార్డులను ఎంఓటీ చరిత్రలాగే అందరికీ కనిపించేలా పెట్టాలి. గేటు లేని చోట మొదటిసారి కట్టడం మర్చిపోయినవాళ్లకు పెనాల్టీకి ముందు ఒక గుర్తుచేసే సందేశం తప్పనిసరి చేయాలి. చిరునామా కోసం డీవీఎల్ఏ దాకా వెళ్లగల వ్యవస్థకు ఇది కష్టమేమీ కాదు.

సెక్షన్ 58 అర్థమయ్యాక నా అలవాటు ఒకటి మారింది. గుంత కనిపిస్తే తిట్టుకుని పోకుండా, కారు భద్రంగా ఆపాకే ఫొటో తీసి కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో, వీధి సమస్యలను కౌన్సిళ్లకు చేరవేసే, 2007 నుంచి నడుస్తున్న ఫిక్స్‌మైస్ట్రీట్ వెబ్‌సైట్‌లోనో నమోదు చేస్తున్నాను. మొన్న ఆదివారం మా పిల్లల బడి మలుపు దగ్గర ఒకటి పెట్టాను. తేదీ, సమయం, మ్యాప్ మీద గుర్తు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇకపై ఆ గుంతలో ఎవరి టైరు చీలినా, మాకు ఎవరూ చెప్పలేదని వాళ్లకు ఉత్తరం రాయడం కుదరదు.